గీసిన బొమ్మకి మనం ఎందుకు ఏడుస్తాం?

ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం. మూడూ ఒక పెట్టె చుట్టూ తిరుగుతుంటాయి. ఆ పెట్టెకి తలుపులా తెరుచుకునే ఒక గీత ఉంటుంది. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన చిన్న యానిమేషన్ ఇది. ఇందులో కళ్లు లేవు, నోరు లేదు, మాటలు లేవు. చూసినవాళ్లని ఏం జరిగిందో రాయమంటే 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఆకారాలని ప్రాణులుగానే వర్ణించారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందని, చిన్నది ఎదురు తిరిగిందని, వృత్తం భయపడి దాక్కుందని రాసుకుంటూ పోయారు.

1988లో సాండ్రా మార్షల్, ఆనబెల్ కోహెన్ అనే పరిశోధకులు ఇలాంటి ఆకారాల సినిమాకే వేర్వేరు సంగీతాలు జోడించి చూపించారు. బొమ్మలు అవే, కదలికలు అవే. సంగీతం మారేసరికి ఏ ఆకారం ఎంత బలమైనది, ఎంత చురుకైనది అన్న అభిప్రాయాలు కూడా మారాయి. వాళ్లు చెప్పిన కారణం ఆసక్తికరంగా ఉంటుంది. సంగీతం ఏ బొమ్మ కదలికతో కలిసి నడుస్తుందో మన చూపు దాని మీదికి పోతుంది. ఆ సంగీతం మోసుకొచ్చిన అర్థం వెళ్లి ఆ బొమ్మకే అంటుకుంటుంది.

బొమ్మల సినిమా చూసి పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకోవడం వెనక ఉన్న యంత్రాంగంలో సగం ఇదే. త్రిభుజానికి కూడా కోపం అంటగట్టే బుద్ధి మనలో ముందే ఉంది. ఆ బుద్ధికి దారి చూపించడం సంగీతం పని. మిగతా సగం కొంచెం మెలికగా ఉంటుంది. మనం ఏడ్చే సన్నివేశంలో ఏడుపు తయారవదు. దానికి చాలా ముందు, మనం నవ్వుతూ చూసిన ఏదో సన్నివేశంలో తయారవుతుంది. మనకి తెలియకుండా అక్కడ దాచిపెట్టి, తర్వాత బయటికి తీస్తారు.

ఖాళీగా వదిలిన ముఖం

నటుడి ముఖంలో వందల చిన్న చిన్న కండరాల కదలికలు ఉంటాయి. అవే నటన. గీసిన బొమ్మకి అవి ఉండవు, ఎవరో పూనుకుని పెట్టాలి. అందుకని యానిమేటర్లు ముఖం కన్నా ముందు ఆకారంతో మాట్లాడతారు. గుండ్రటివి మెత్తగా, కోసుగా ఉన్నవి ప్రమాదంగా తోస్తాయి. మోషె బార్, మైటల్ నెటా 2006లో చేసిన ప్రయోగంలో రోజూ వాడే వస్తువుల్లో కూడా పదునైన అంచులున్నవాటి కన్నా వంపులున్నవే జనానికి ఎక్కువ నచ్చాయి. విలన్ గడ్డాలు, భుజాలు, కనుబొమలు కత్తుల్లా ఎందుకుంటాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పెద్ద కళ్లు, పెద్ద నుదురు, బూరెబుగ్గలు కనిపిస్తే మనుషుల్లో సంరక్షణ భావం లేస్తుందని జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెన్జ్ 1943లో రాశాడు. తెర మీది పిల్ల జంతువులన్నీ ఈ సూత్రం ప్రకారమే తయారవుతాయి. మిక్కీ మౌస్ దశాబ్దాలు గడిచేకొద్దీ పసివాడిలా మారుతూ వచ్చిందని, తల, కళ్లు పెద్దవవుతూ పోయాయని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ 1979లో కొలతలు తీసి మరీ చూపించాడు. మనం పెరిగి పెద్దవుతుంటే ఆ ఎలుక చిన్నపిల్లాడు అవుతూ వచ్చిందన్నమాట.

పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియో 2009లో తీసిన 'అప్' చూడండి. కార్ల్ అనే ముసలాయన తల చతురస్రం, కళ్లద్దాలు చతురస్రం, కూర్చునే కుర్చీ కూడా చతురస్రమే. అతని భార్య ఎల్లీ, ఆ తర్వాత అతని వెంటపడే రస్సెల్ అనే పిల్లాడు గుండ్రటి ఆకారాలు. ఇతను ముడుచుకుపోయిన మనిషి, వాళ్లు తెరుచుకున్న మనుషులు అని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

2008 నాటి 'వాల్-ఈ'లో దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లారు. కథానాయకుడు చెత్త పోగుచేసే రోబో. నోరే లేదు. కళ్లు బైనాక్యులర్లు. ఒక బేస్‌బాల్ ఆట చూస్తూ చేతిలోని బైనాక్యులర్లని అటూ ఇటూ వంచుతుంటే దర్శకుడు ఆండ్రూ స్టాంటన్‌కి ఈ ఆలోచన వచ్చింది. రెండు గొట్టాలూ బయటికి వాలితే దిగులు, లోపలికి వంగితే కోపం. అంతే నటన. మిగిలిన ఖాళీని మన ఊహ, బెన్ బర్ట్ చేసిన శబ్దాలు, థామస్ న్యూమన్ సంగీతం నింపుతాయి. ఇంకో తమాషా కూడా ఉంది. చేయి చేయి పట్టుకుంటే ప్రేమ అని ఆ రోబో నేర్చుకునేది పాత వీడియో టేపులోని ఒక సినిమా పాట చూసి. సినిమా పాటలు చూసి ప్రేమ నేర్చుకున్నది మనం ఒక్కళ్లమే కాదు.

ముఖం మరీ నిజంలా ఉంటే ఈ తంతు చెడుతుంది. రోబోలు మనిషిని పోలేకొద్దీ నచ్చుతూ వచ్చి, దాదాపు మనిషిలా అయిన దగ్గర ఒక్కసారిగా జుగుప్స పుట్టిస్తాయని జపాన్ రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లో అన్నాడు. 2004లో వచ్చిన 'ది పోలార్ ఎక్స్‌ప్రెస్' అనే యానిమేషన్ సినిమా మీద వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు అదే. ముఖం అంతా నింపేశారు కానీ ప్రాణం కనపడలేదు. మనం పూరించడానికి ఖాళీ మిగల్లేదని నాకనిపిస్తుంది.

ఫ్రేముల లెక్క

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 కదలని బొమ్మలు. నిమిషానికి 1,440. పన్నెండు ఫ్రేములకి ఒక తాళం దెబ్బ పడితే నిమిషానికి 120 దెబ్బలు, అంటే కవాతు నడక. ఎనిమిది ఫ్రేములకి ఒకటైతే 180, అది పరుగు. ఇరవై నాలుగుకి ఒకటైతే 60, కాళ్లీడ్చుకుంటూ వెళ్లే నడక. యానిమేటర్ ఒక పాత్ర అడుగు ఎన్ని ఫ్రేములో నిర్ణయించగానే దాని తాళం కూడా నిర్ణయమైపోతుంది. నటుడు నడిచాక సంగీతం కట్టడం వేరు. ఇక్కడ నడక, సంగీతం ఒకే కాగితం మీద పుట్టగలవు.

1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ' కాలంలో వాల్ట్ డిస్నీ స్టూడియో చేసింది ఇదే. అక్కడి యానిమేటర్ విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టుకుని దృశ్యానికీ సంగీతానికీ లెక్క కుదిర్చాడు. అడుగు వేస్తే ఒక స్వరం, జారిపడితే స్వరాల వరస జారడం. ఈ పద్ధతికి 'మిక్కీ మౌసింగ్' అనే పేరు స్థిరపడింది, అందులో కాస్త వెక్కిరింపు కూడా ఉంది. నవ్వించడానికి దీన్ని మించింది లేదు. దుఃఖానికి మాత్రం పనికిరాదు. కన్నీటిచుక్క రాలినప్పుడల్లా వీణ మీద ఒక స్వరం మోగితే ఎవరు ఏడుస్తారు? అందుకే మంచి సినిమాల్లో పాత్ర సరదాగా ఉన్నంతసేపు సంగీతం దాని కాళ్లని అనుసరిస్తుంది. విషయం బరువెక్కగానే కాళ్లని వదిలేసి మనసు వెంట పడుతుంది. ఈ మార్పు మనం గమనించం. ఏదో జరగబోతోందని మాత్రం లోపల తెలుస్తుంది.

నెమ్మదైన, మంద్రమైన సంగీతం ఎందుకు దిగులుగా అనిపిస్తుంది అన్న ప్రశ్నకి పాట్రిక్ జుస్లిన్, పెట్రీ లౌక్కా అనే పరిశోధకులు 2003లో ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసి ఒక జవాబు ఇచ్చారు. దుఃఖంలో ఉన్న మనిషి మాట నెమ్మదిస్తుంది, శబ్దం తగ్గుతుంది, గొంతు కిందికి జారుతుంది. దుఃఖపు సంగీతంలోనూ అవే గుర్తులు ఉంటాయి. వాయిద్యం మాట్లాడకపోయినా మాట్లాడే తీరు మనకి తెలిసిందే. పాశ్చాత్యుల 'మైనర్ అంటే విషాదం' అనే సూత్రం మాత్రం చాలావరకు విని విని అలవాటైనదే. వాళ్ల మైనర్‌లో వినిపించేది మన సాధారణ గాంధారమే, అది ఉన్నంత మాత్రాన ఒక రాగాన్ని మనం ఏడుపు రాగం అనుకోం కదా.

ముందు దాచి, తర్వాత తీసి

ఇక్కడ మళ్లీ 'అప్' దగ్గరికి రావాలి. ఆ సినిమా మొదట్లో నాలుగు నిమిషాల పైచిలుకు సాగే ఘట్టంలో మాటలు లేవు. కార్ల్, ఎల్లీ పెళ్లి, ఇల్లు సర్దుకోవడం, పిల్లల గది ముస్తాబు, డాక్టరు గదిలో ఆ ఇద్దరి వంగిన తలలు, ప్రయాణం కోసం సీసాలో దాచుకునే డబ్బులు, ప్రతిసారీ ఏదో ఒక ఖర్చుకి ఆ సీసా పగలడం, ముసలితనం, చివరికి ఆమె లేకపోవడం. సంగీత దర్శకుడు మైకేల్ జక్కీనో దీనికి వాడింది ప్రధానంగా ఒకే ఒక బాణీ. ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని ఊగే వాల్ట్జ్. మొదట మ్యూట్ (ధ్వని తగ్గించే మూత) పెట్టిన ట్రంపెట్, వయొలిన్లతో పెళ్లి సందడిలా వస్తుంది. డాక్టరు గది దగ్గర నెమ్మదిస్తుంది. తర్వాత మళ్లీ పుంజుకుంటుంది. చివరికి పియానో ఒక్కటే మిగులుతుంది.

కొత్త బాణీ కట్టి ఉంటే అది విషాద సంగీతం అయ్యేది, అంతే. పాత బాణీయే చిక్కిపోయి వచ్చింది కాబట్టి అది పోయిన మనిషి అయింది. ఎల్లీ తెర మీద ఎక్కువసేపు ఉండదు. ఆ తర్వాత సినిమా అంతా ఆమె ఆ బాణీలోనే బతుకుతుంది. బెలూన్లతో ఇల్లు గాల్లోకి లేచినప్పుడు అదే బాణీ ఎగురుతూ వస్తుంది. కార్ల్ ఆమె పుస్తకం తెరిచి, ఖాళీగా ఉంటాయనుకున్న పేజీల్లో తమ పెళ్లినాటి నుంచీ ఉన్న ఫొటోలు చూసినప్పుడు పియానో మీద మెల్లగా వస్తుంది. అప్పటికి ఆ వరస వినగానే సాయంత్రాలు, కొండమీది చెట్టు, మార్చి మార్చి కట్టిన టైలు అన్నీ మనకే గుర్తొస్తాయి. అవి మన జ్ఞాపకాలు కావు. అయినా గంట క్రితం చూశాం కాబట్టి మనవే అయిపోయాయి. ఈ సినిమా సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

2017లో వచ్చిన 'కోకో'లో ఈ పనిని ఒక పాటకే అప్పగించారు. (ఇంకా చూడనివాళ్లు ఉంటే ఈ పేరా వదిలేయండి, నిజంగానే చెబుతున్నాను.) క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ రాసిన ఆ పాటని మొదటిసారి ఒక పేరుమోసిన గాయకుడు పెద్ద వేదిక మీద, డాన్సర్ల మధ్య, ఆర్భాటంగా పాడతాడు. వింటే అభిమానులకి ముద్దులు విసిరే హీరో పాటలా ఉంటుంది. కాస్త నవ్వు కూడా వస్తుంది. సినిమా సగం దాటాక తెలుస్తుంది, ఆ పాట రాసింది అతను కాదని. ఊరు విడిచి వెళ్లే ఒక తండ్రి తన పసికూతురికి గిటార్ మీద మెల్లగా పాడిన లాలిపాట అది. అవే మాటలు, అదే బాణీ. ఎవరు ఎవరికి పాడుతున్నారన్నది మారింది. ఆఖర్లో మీగెల్ అనే పిల్లాడు, ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న ముత్తవ్వ దగ్గర కూర్చుని వణుకుతున్న గొంతుతో అదే పాడతాడు. ఆ ముత్తవ్వే ఒకప్పటి పసికూతురు. ఆమె వేలు కదులుతుంది, ముడతలు పడ్డ ముఖం తెరుచుకుంటుంది, తను కూడా గొంతు కలుపుతుంది.

అక్కడ ఆర్కెస్ట్రా విజృంభిస్తే పాడైపోయేది. పిల్లాడి గొంతు, గిటార్, అంతే. మొదటిసారి అంత ఆర్భాటం ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది. తర్వాత తీసేయడానికి.

2015 నాటి 'ఇన్‌సైడ్ అవుట్'లో బింగ్ బాంగ్ అనే ఊహల నేస్తం పాడే ఒక వెర్రి పాట ఉంటుంది. దాని బండి ఆ పాటతోనే నడుస్తుంది, గట్టిగా పాడితే పైకి ఎగురుతుంది. మొదట విన్నప్పుడు పిల్లల ప్రకటనలా అనిపిస్తుంది. మరుపు లోయలోంచి బయటపడటానికి బింగ్ బాంగ్, ఆనందానికి రూపమైన జాయ్ అనే పాత్ర ఇద్దరూ పాడుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు, అందుకోలేరు. చివరిసారి గట్టిగా పాడమని హుషారు చేస్తూనే బింగ్ బాంగ్ బండిలోంచి దూకేస్తుంది, బరువు తగ్గాలని. పాటలో ఒక్క విషాద స్వరం లేదు. పాడాల్సిన రెండో గొంతు ఆగిపోయింది, అంతే.

చూసేవాళ్లలో పిల్లలకీ పెద్దలకీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. పిల్లలు బింగ్ బాంగ్ పోయిందని ఏడుస్తారు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు అలాంటి నేస్తం ఒకటి తమకీ ఉండేదని, దాని పేరు కూడా గుర్తు రావట్లేదని ఏడుస్తారు.

కోరిక చెప్పే పాట

పాటల గురించి మాట్లాడుతూ హోవర్డ్ ఆష్మన్‌ని దాటి వెళ్లలేం. నాటకరంగం నుంచి వచ్చిన ఈ రచయిత, సంగీత దర్శకుడు ఆలన్ మెంకెన్‌తో కలిసి 1989లో 'ది లిటిల్ మెర్మెయిడ్'కి పాటలు కట్టాడు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో మొదటి అరగంటలోనే నాయకుడో నాయికో తనకేం కావాలో పాడి చెప్పడం ఒక ఆనవాయితీ. ఆష్మన్ దాన్ని బొమ్మల సినిమాలో దిట్టంగా నాటాడు. నీళ్లలో ఉన్న పిల్ల భూమి మీద నడవాలని పాడుతుంది. ఆ మూడు నిమిషాల్లో ప్రేక్షకుడు ఆమె పక్షాన చేరిపోతాడు. కోరిక ఒప్పా తప్పా అన్న విచారణకి సమయమే ఇవ్వరు. పాటలో కోరుకునేవాళ్లతో తర్కించడం కష్టం.

ఆ పాటని దాదాపు తీసేయబోయారు. ప్రయోగాత్మక ప్రదర్శనలో పిల్లలు అసహనంగా కదిలారని నిర్మాణ బాధ్యతల్లో ఉన్న జెఫ్రీ కాట్జెన్‌బర్గ్‌కి భయం పట్టుకుంది. ఆష్మన్, దర్శకులు పట్టుబట్టి నిలబెట్టారు. ఆష్మన్ 1991 మార్చిలో, 'బ్యూటీ అండ్ ది బీస్ట్' విడుదల చూడకుండానే కన్నుమూశాడు. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి యానిమేషన్ సినిమా అది.

పాట పాత్రనే మార్చేసిన సందర్భమూ ఉంది. 2013 నాటి 'ఫ్రోజెన్'లో ఎల్సా మొదట విలన్. ఆమె ఇల్లు వదిలి మంచుకొండ ఎక్కే చోటికి లోపెజ్ దంపతులు 'లెట్ ఇట్ గో' కట్టారు. విన్నాక ఇలా పాడే మనిషి చెడ్డది అయ్యుండదని అనిపించి, కథనే తిరగరాశారు. తర్వాత ఆ పాట పిల్లల నోళ్లలో ఎంత నానిందో తల్లిదండ్రులకి వేరే చెప్పక్కర్లేదు. అయితే నా లెక్కలో అందులో గొప్ప పాట అది కాదు. చిన్నమ్మాయి అనా, అక్క తలుపు కొడుతూ మంచుబొమ్మ చేద్దాం రమ్మని పాడేది. మూడు వయసుల్లో మూడుసార్లు అదే తలుపు. మూడోసారికి తల్లిదండ్రులు లేరు. పాడే ఓపిక కూడా లేక, పాట మాటల్లోకి దిగిపోతుంది. తలుపు తెరుచుకోదు.

ఏమీ వినిపించనప్పుడు

1942 నాటి 'బాంబీ' చూసి నిద్రపట్టని పిల్లలు తరతరాలుగా ఉన్నారు. తల్లి జింక చనిపోవడం మనకి చూపించనే చూపించరు. పరుగు, సంగీతం ఉరుకు, తుపాకీ మోత. తర్వాత పొదలోకి చేరిన పిల్ల జింక వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. మంచు కురుస్తుంటుంది, అమ్మని పిలుస్తూ తిరుగుతుంది. అంతసేపు తరిమిన సంగీతం ఆగిపోయిన చోటే దెబ్బ తగులుతుంది. ఆ వెంటనే వసంతం వచ్చేసి పక్షులు హుషారుగా పాడతాయి. ఆ కోత నాకు ఇప్పటికీ మొరటుగానే అనిపిస్తుంది. పిల్లల్ని అంత దుఃఖంలో వదిలేయడానికి తీసినవాళ్లకే ధైర్యం చాల్లేదేమో.

నిశ్శబ్దం ఎంతసేపు ఉండొచ్చు అన్నది అలవాటును బట్టి ఉంటుంది. జపాన్ దర్శకుడు హయావో మియజాకి 1986లో తీసిన 'కాజిల్ ఇన్ ది స్కై' నిడివి రెండు గంటల పైనే, అందులో సంగీతం సుమారు గంటసేపే. 1990ల చివర్లో డిస్నీ దాని ఇంగ్లీషు రూపం సిద్ధం చేస్తున్నప్పుడు ఆ ఖాళీలు అక్కడి ప్రేక్షకులకి ఇబ్బందిగా ఉంటాయని, సంగీత దర్శకుడు జో హిసాయిషి చేతనే కొత్తగా, ఇంకా ఎక్కువ సంగీతం చేయించారు. 2002లో విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో మాట్లాడుతూ మియజాకి తన పద్ధతిని చప్పట్లు కొట్టి వివరించాడు: రెండు చప్పట్ల మధ్య ఉండే ఖాళీని జపాన్ భాషలో 'మా' అంటారు. అది లేకుండా ఊపిరాడనివ్వకుండా నడిపితే మిగిలేది హడావుడే.

ఇదంతా తెలిశాక ఒక అనుమానం వస్తుంది. ముందే లెక్క వేసి ఏడిపిస్తే అది మోసం కాదా? నాకు తోచిన తేడా ఒకటుంది. పాత్రకి ఏం పోయిందో మనకి తెలియకముందే తీగవాయిద్యాలు మూలగడం మొదలుపెడితే అది మోసం. అప్పు చేసి విందు పెట్టడం లాంటిది. పోయినదాని విలువ మన చేత ముందు అనుభవింపజేసి, తర్వాత దాన్ని గుర్తుచేస్తే అందులో మోసమేమీ లేదు. ఏ కథైనా చేసేది అదే. 'ది లయన్ కింగ్'లో తండ్రి సింహం చావుకి సంగీతం కట్టిన హాన్స్ జిమ్మర్ తన ఆరేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆ సంగీతం ఆయనకే అంకితమని చెప్పాడు కూడా. ఫ్రేములు లెక్కపెట్టేవాడి దగ్గర కూడా లెక్కకి అందనిది ఒకటి ఉండొచ్చు.

అనుమానం తీరనివాళ్లు ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసుకోవచ్చు. 'అప్' చూసినవాళ్లు ఒకరు, చూడనివాళ్లు ఒకరు పక్కపక్కన కూర్చోండి. బొమ్మ లేకుండా ఆ వాల్ట్జ్ మొదటి నిమిషం మాత్రం వినండి, అదీ హుషారుగా ఉన్న భాగమే. చూడనివాళ్లు బాగుంది, పెళ్లి వీడియోకి పెట్టుకోవచ్చు అంటారు. రెండో మనిషి వైపు చూడండి.